చప్పుడు లేని దుంకుడు

మంగళవారం పొద్దున రాహేలు డ్యూటీకి బయలుదేరేసరికి గల్లీ మొదట్లో కొత్త ఫ్లెక్సీ కడుతున్నారు. ఇద్దరు మనుషులు పైకెక్కి కరెంటు స్తంభానికి తాళ్లు బిగిస్తుంటే, కింద నిచ్చెన కదలకుండా పట్టుకున్నది మైసయ్య. పక్కనే అతని బండి, దానికి రెండు వైపులా పాల క్యాన్లు. ఇంకా సగం ఇళ్లకు పాలు పోయాల్సి ఉంది.

ఫ్లెక్సీ మధ్యలో గుడి కమిటీ అధ్యక్షుడు జగదీశ్వర్ రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. మైసమ్మ తల్లి కంటే ఆయన ఫొటోనే జానెడు పెద్దది. కుడి పక్కన ఒళ్లంతా పసుపుతో, కొరడా ఎత్తి, కండలు తిరిగిన ఒక పడుచువాడు. కింద ఎర్ర అక్షరాల్లో "పోతరాజు: కార్వాన్ అనురాగ్" అని ఉంది. రాహేలు రెండుసార్లు చదివింది. పోయిన ఏడు దాకా ఆ మూలన ఉండేది మైసయ్య ఫొటో. ఇరవై రెండేళ్లుగా బోనాల మరునాడు అమ్మవారి ఘటం ఊరేగింపు ముందు కొరడా తిప్పుతూ, ఎగిరి దుంకుతూ నడిచే పోతరాజు అతనే. ఆ సంగతి ఫ్లెక్సీ కొట్టించినవాడికి తెలుసు, కట్టేవాళ్లకూ తెలుసు. అయినా నిచ్చెన పట్టమని అతన్నే పిలిచారు, పిలవగానే అతనూ వచ్చి పట్టాడు. రాహేలుకు ఒళ్లు మండింది. కమిటీ మీద కొంత, మైసయ్య మీద ఇంకాస్త ఎక్కువ.

"ఏందన్నా ఇది?"

"ఫ్లెక్సీ, చెల్లె."

"గది నాకు కనవడ్తలేదా? నువ్వెందుకు పట్టుకున్నవని అడుగుతున్న."

"పట్టుకోకుంటె పైనోళ్లు పడ్తరు గద," అన్నాడు మైసయ్య.

పనివాళ్లు దిగి వెళ్లిపోయాక అతను నిచ్చెన గోడకు ఆనించి, కుడి కాలు చాచి బండి మీద ఒరిగాడు. ఆ మోకాలు సగానికి మించి వంగదు. పాలు పిండేటప్పుడు కూడా అందరిలా గొంతు కూర్చోలేక, బోర్లించిన బకెట్ మీద కూర్చుని కాలు పక్కకు చాపుతాడు. అలా చాపిన కాలిని బర్రె రెండుసార్లు తొక్కింది.

"పోయినసారి తల్లి ముందట పడ్డ చెల్లె," అన్నాడు. "దుంకిన, కాలు నిలవలే. డప్పులు ఆగినయి. పడ్డోడ్ని పడ్డట్టే ఇంటికి పంపుతున్రు. గదే నా ఫికర్. ఒక్కసారి మంచిగ దుంకి, నిలవడి, దండం పెట్టి కొరడా నేనే ఇచ్చేస్త అన్న. శుక్కురారం చూస్తం అన్నరు. గుడి గద్దె మీదికెళ్లి దుంకి నిలవడితె నేను. లేకుంటె ఆ పిలగాడు."

"మరి ఫ్లెక్సీ ముందే కొట్టించిన్రు?"

"నిలవడనని వాళ్లకు నమ్మకం," అని నవ్వాడు మైసయ్య.

రాహేలుకు నవ్వు రాలేదు. ఆ మోకాలు ఎట్లా పోయిందో ఆమెకు తెలుసు. వరదలొచ్చిన ఏడు నడుముల్లోతు నీళ్లలో ఆమె కూతురు బేబీని భుజాల మీద ఎక్కించుకుని గల్లీ దాటిస్తూ, మూతలేని మోరీలో కాలు పెట్టాడు. కాలు మెలిపడింది గానీ పిల్లను వదల్లేదు. ఆ తరువాత ఎవరు అడిగినా "మోరీల కాలు వడ్డది" అంటాడు. బేబీ పేరు ఇంతవరకూ ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడమే రాహేలుకు ఇన్నేళ్లుగా గొంతులో అడ్డం పడి ఉంది.

"పగటీలి పాలైపోయినంక నా దవాఖానకు రా," అంది. "ఫొటో తీయించినవు గద, ఆ ఎక్స్‌రే గూడ తే."

రాహేలు పనిచేసేది సర్కారు దవాఖానలో, ఫిజియోథెరపీ గదిలో. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద ఆయా. వేడి కాపడాల సంచులు కాచడం, రోగులను పట్టుకుని నడిపించడం, చాపలు తుడవడం ఆమె పని. అన్నింటికంటే ఇష్టమైన పని రబ్బరు పట్టీలు కడగడం. రెండంగుళాల వెడల్పు, రెండు మీటర్ల పొడవు ఉండే పట్టీలవి. సబ్బునీళ్లలో కడిగి, నీడలో ఆరేసి, పౌడరు చల్లి, ఒక్కొక్కటీ చాపచుట్టలా చుట్టి డబ్బాలో పెడుతుంది. బిగిసిపోయిన మోకాళ్లకు ఆండాలు మేడం వాటిని గట్టిగా చుట్టి, కాలు ఆడించమని, రెండు నిమిషాల్లో విప్పేయడం ఆమె వేలసార్లు చూసింది.

మైసయ్య వచ్చినప్పుడు గది ఖాళీగానే ఉంది. ఆండాలు మేడం ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. మోకాలిని అటూ ఇటూ నొక్కి, వంచి, కదిపి చూసింది. సుగర్ ఉందా, బీపీ ఉందా, రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నాడా, పిక్కల్లో నరాలు ఉబ్బాయా అని వరసగా అడిగింది. అన్నింటికీ లేదు లేదు అంటూ పోయాడు మైసయ్య, పరీక్షలో పాసవుతున్నవాడిలా.

"ఎముక బాగానే ఉంది, లోపల నరమేమీ తెగలేదు," అంది మేడం. "పాత దెబ్బకు భయపడి వాడకుండా వదిలేశావు. చుట్టూ అంతా బిగుసుకుపోయింది."

పట్టీ తీసి మోకాలి కింద మొదలుపెట్టి, చుట్టు మీద సగం చుట్టు వచ్చేలా లాగుతూ పైకి చుట్టింది. మైసయ్య పళ్లు బిగబట్టాడు. "వంచు, చాపు, వంచు, చాపు," అంది రాహేలు, రోజూ అందరికీ చెప్పినట్టే. రెండు నిమిషాలు కాగానే మేడం విప్పేసింది. పాలిపోయిన చర్మంలోకి నెత్తురు తిరిగి ఎర్రగా పొంగింది.

"ఇప్పుడు గొంతు కూచో."

మైసయ్య బల్ల అంచు పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. ఎప్పుడూ ఆగిపోయే చోట ఆగలేదు. మరో జానెడు దిగాడు. తన మోకాలి వంక తనే నోరు తెరుచుకుని చూశాడు.

"మేడం, గిది కట్టుకుంటె దుంకి నిలవడ్తనా?"

"అబద్ధం చెప్పనయ్యా," అంది ఆండాలు మేడం. "ఇది మోకాలిని కాసేపు వదులు చేస్తుంది. బాగా వంగుతుంది. నిలబడటం మాత్రం రబ్బరు పని కాదు. కొందరికి కాలు కుదురుగా నిలిచిందంటారు, కొందరికి ఏ తేడా లేదంటారు. కిందికి దిగడం నువ్వే నేర్చుకోవాలి. అదెట్లాగో రాహేలు చెప్తుంది. ఇక్కడ అందరికీ నాకంటే బాగా చెప్పేది ఆవిడే."

పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. ఏం చేయాలో తోచక రాహేలు ఎండిన పట్టీలనే మళ్లీ చుట్టింది.

దవాఖాన పట్టీ ఇంటికి తెచ్చే పని పెట్టుకోలేదు. మొగుడు డానియేలుది మెయిన్‌ రోడ్డు మీద పంక్చర్ దుకాణం. పాత సైకిల్ ట్యూబు ఒకటి పొడవునా చీల్చి, అతుకులు లేని ముక్క చూసి ఇచ్చాడు. రాహేలు దాన్ని మూడు నీళ్లలో కడిగి, బేబీ పౌడరు డబ్బాలో సగం ఖాళీ చేసింది. బుధవారం సాయంత్రం మైసయ్య బర్రెల కొట్టంలో, గడ్డివాము పక్కన కూర్చోబెట్టి పట్టీ చుట్టింది.

"రెండు నిమిషాలే అన్నా. వంచుడు, సాపుడు. ఫోన్ల చూసుకొని విప్పెయ్."

మాట పూర్తికాలేదు, గల్లీలోంచి "నల్లా వచ్చింది" అని కేక. రోజు విడిచి రోజు, అదీ గంట సేపు వచ్చే నీళ్లు. రాహేలు పరుగెత్తింది. రెండు డ్రమ్ములు, నాలుగు బిందెలు, పక్కింటావిడతో కాస్త లొల్లి. పైపు తీసి గోడకు తగిలించేటప్పుడు ఎందుకో అనుమానం వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటుంటే అట్లాగే మళ్లీ కొట్టంలోకి పరుగెత్తింది.

మైసయ్య ఎక్కడ కూర్చున్నవాడు అక్కడే ఉన్నాడు. పట్టీ మోకాలికి అట్లాగే ఉంది. పాదం నేరేడుపండు రంగుకు తిరిగింది.

"అన్నా! విప్పలేదా?"

"నువ్వు కట్టినవు గద చెల్లె. కట్టినోళ్లే విప్పాలె," అన్నాడు మైసయ్య చెమటలు కక్కుతూ. "జర తిమ్మిరెక్కింది గని, ఫర్వాలేదు."

రాహేలుకు అప్పుడు వెలిగింది. ప్రతి బోనాలకూ పూజారి అతని మణికట్టుకు కంకణం కడతాడు. పండగ తీరాక మళ్లీ ఆ పూజారే విప్పాలి. కట్టించుకున్నవాడు దాన్ని ముట్టరాదు. ఇరవై రెండేళ్లు ఆ కట్టుబాటులో పెరిగిన చెయ్యి ఈ సైకిల్ ట్యూబును కూడా ముట్టలేదు. పట్టీ లాగి పారేసి, పాదాన్ని ఒళ్లో పెట్టుకుని పిక్క నుంచి వేళ్ల దాకా రుద్దుతూ కూర్చుంది. "యేసయ్యా, యేసయ్యా" అనుకుంటూనే ఉంది పైకి వినబడేలా. ఈ చప్పుడుకు ఇంట్లోంచి మైసయ్య భార్య బాలమ్మ వచ్చింది. పాదం రంగు చూసి చేతిలో చాట కింద పడేసింది.

"ఏం జేసినవే రాహేలు? ఉన్న కాలు గూడ తీస్తవా? శుక్కురారం లేదు, పండుగ లేదు. నువ్వు పో ముందుగాల ఈడికెళ్లి."

పాదానికి రంగు తిరిగి వచ్చి, వేళ్లు కదిలేదాకా రాహేలు లేవలేదు. ఆ తరువాత ఇంటికి వెళ్లింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మేలు చేయబోయి ఆ కాలు మొత్తానికే తీసేసేదాన్ని అనుకుంది. ఆ కొట్టం గడప మళ్లీ తొక్కకూడదు అనుకుంది.

తొక్కాల్సి వచ్చింది. గురువారం పొద్దున పాలు పోయడానికి మైసయ్యకు బదులు బాలమ్మే వచ్చింది. గిన్నెలో పాలు పోసి, వెళ్లకుండా నిలబడింది.

"పొద్దుగాల ఆయన బకెట్ మీద కూసోలే," అంది. "గొంతు కూసొని పిండిండు. రెండు బర్రెలు. ఆరేండ్లయింది అట్ల సూడక." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్న కోపంల అన్న. సాయంత్రం రా. నువ్వు కట్టు, నువ్వే విప్పు. నడుమ ఎంతసేపన్నది నేను లెక్కవెడ్త. నల్లా వచ్చినా, నిప్పంటుకున్నా నువ్వు ఏడికి పోవద్దు."

"వదినె..." అంది రాహేలు. పాల గిన్నె పట్టుకునే తలూపింది.

ఆ సాయంత్రం దవాఖాన నుంచి త్వరగా సెలవడిగి వచ్చింది. పట్టీ చుట్టింది. బాలమ్మ ఒకటి నుంచి నూట ఇరవై దాకా బడిపిల్లలా బిగ్గరగా లెక్కపెట్టింది. ఎనభై దగ్గర ఒకసారి తప్పి, మళ్లీ డెబ్బై నుంచి మొదలుపెట్టబోతే మైసయ్య చేతులు జోడించాడు. పట్టీ విప్పి, కొట్టమంతా రెండు చుట్లు నడిపించాక రాహేలు గడ్డివాము పక్కనున్న అరుగు చూపించింది.

"ఎక్కి దుంకు."

మైసయ్య ఎక్కాడు, దుంకాడు. ధన్‌మని చప్పుడు. మొదటి గుంజకు కట్టిన బర్రె గౌరి ఉలిక్కిపడి తల తిప్పి చూసింది. మోకాలు లోపలికి వంగి, మైసయ్య రెండడుగులు తూలి గుంజ పట్టుకున్నాడు.

"సప్పుడు రావద్దన్నా."

"సప్పుడు రాకుంటె పోతరాజెట్లయితడు?" అన్నాడు మైసయ్య. నిజంగానే అతనికి అర్థం కాలేదు. "మా నాయిన దుంకితె మూడు గల్లీలు అదిరేటివి."

"మీ నాయిన యాభై ఏండ్లకే కట్టె పట్టుకొని నడిచిండు. గది గూడ నేను సూసిన," అంది రాహేలు. "ఆ సప్పుడు ఏడికి పోతదనుకున్నవ్? భూమికి ఏం కాదు. నీ మోకాలికి పోతది."

మైసయ్య గుంజ మీద చెయ్యి వేసి, తండ్రి వాడిన గజ్జెలు వేలాడుతున్న గోడవంక చూశాడు.

"మరి ఎట్ల దిగాలె?"

రాహేలు కొంగు బొడ్లో దోపుకుని అరుగెక్కింది. నలభై మూడేళ్ల మనిషి, దవాఖాన నీలం చీర. బాలమ్మ ముందే నవ్వడం మొదలుపెట్టింది. రాహేలు దుంకింది. మునివేళ్లు ముందు తాకాయి, తరువాత మడమలు, తుంటి కుర్చీలో కూర్చోబోతున్నట్టు వెనక్కి వెళ్లింది, మోకాళ్లు రెండూ వేళ్ల వైపే చూస్తూ వంగి నిలిచాయి. గడ్డి మీద పిల్లి దిగినంత చప్పుడు కూడా కాలేదు. బాలమ్మ నవ్వు ఆగిపోయింది. గౌరి మేత మేస్తూనే ఉంది.

"సూడు," అంది రాహేలు ఆయాసపడుతూ. "నువ్వు మంచిగ దిగినవా లేదా నేను చెప్ప. గౌరి చెప్తది."

అట్లా మొదలైంది. మైసయ్య దుంకుతాడు, ముగ్గురూ కలిసి బర్రె వంక చూస్తారు. గౌరి తల తిప్పితే మళ్లీ అరుగెక్కుతాడు. మోకాలు లోపలికి పోతే రాహేలు పుల్లతో తొడమీద తడుతుంది. పదోసారికి తల తిప్పకుండా చెవి మాత్రం ఆడించింది. పదిహేనోసారికి చెవి కూడా ఆడించలేదు. బాలమ్మ ఆ బర్రెకు చిట్టు కలిపిన కుడితి మరో బకెట్ తెచ్చి పెట్టింది. మైసయ్య అరుగు మీద కూర్చుని, ఆ బర్రెను, భార్యను, రాహేలును వంతులవారీగా చూశాడు. ఏదో చెప్పబోయి, "చాయ్ పెట్టు" అన్నాడు బాలమ్మతో.

శుక్రవారం పొద్దున గుడి దగ్గర పదిమంది దాకా ఉన్నారు. గుడి చిన్నదే. ముందు మూడడుగుల ఎత్తు గద్దె, చుట్టూ ఇనుప కటకటాలు. రాహేలు డ్యూటీ చీరలోనే కటకటాల బయట నిలబడింది. అంతకుముందే కొట్టంలో పట్టీ చుట్టి విప్పింది. బాలమ్మ ఈసారి లెక్క తప్పలేదు. లోపల జగదీశ్వర్ తెల్లచొక్కాతో, ఫోన్ చేతిలో పట్టుకుని తిరుగుతున్నాడు. ఫ్లెక్సీ మీది అనురాగ్ కూడా వచ్చాడు. బైకుకు ఆనుకుని, ఎడమ కాలు మీద బరువు పెట్టకుండా నిలబడ్డాడు. ఫ్లెక్సీలో ఉన్నదానికంటే చిన్నవాడిలా ఉన్నాడు. అయినా రాహేలు అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

"అన్నా, ఆరోగ్యం ముఖ్యం. ఇబ్బందిగుంటె ఇప్పుడే చెప్పు," అన్నాడు జగదీశ్వర్, ఎంతో దయగా.

మైసయ్య గద్దె ఎక్కి, తల్లి వైపు దండం పెట్టి, ఇటు తిరిగి దుంకాడు. దిగాడు. నిలబడ్డాడు. మునివేళ్లు, మడమలు, మోకాళ్లు, అన్నీ ఎక్కడుండాలో అక్కడున్నాయి. ఒక్క అంగుళం కదల్లేదు. రాహేలు తన గుప్పిట్లో ఇనుప చువ్వ ఉందని అప్పుడు గమనించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జగదీశ్వర్ తల గోక్కున్నాడు.

"నిలవడ్డవన్నా, కాదంటలేను. కాని సప్పుడేది? జోష్ ఏది? జనం ఫోన్లు పట్టుకొని నిలవడ్తరు. పోతరాజు దుంకితె నేల అదరాలె. నువ్వేమో మెట్టు దిగినట్టు దిగినవు."

ఇద్దరు ముగ్గురు తలలూపారు. మైసయ్య తన పాదాల వంక చూసుకున్నాడు. రాహేలు నేర్పిందే అతని నోట మట్టి కొట్టింది. చప్పుడు రావద్దని పుల్లతో తట్టి మరీ చెప్పింది తనే. లోపలికి వెళ్లి చెప్దామంటే తను కమిటీ మనిషి కాదు, ఆ గుడి మనిషీ కాదు. చువ్వలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"కాకా, ఇంకొక్కపారి దుంకుతవా?"

అడిగింది అనురాగ్. బైకు దగ్గర నుంచి వచ్చి, గద్దె ముందు గొంతు కూర్చున్నాడు, పాదాలు కనబడేలా. మైసయ్య జగదీశ్వర్ వంక చూసి, మళ్లీ ఎక్కి దుంకాడు. మళ్లీ అంతే. గాలి కదిలింది, నేల కదల్లేదు.

అనురాగ్ లేచి తనూ గద్దె ఎక్కాడు. దుంకాడు. ధన్‌మంది. ముందున్న దీపం కుందె కదిలి నూనె ఒలికింది. "ఇదీ దుంకుడంటె," అన్నాడు జగదీశ్వర్ హుషారుగా. కానీ అనురాగ్ ఎడమ మడమ పైకెత్తి, ఒంటికాలి మీద కుంటుతూ వచ్చి గద్దె అంచున కూలబడ్డాడు.

"మా జిమ్ముల కోచ్ ఏడాది సంది మొత్తుకుంటున్నడన్నా, గీ కాక దిగినట్టు దిగమని. నాకస్తలేదు," అన్నాడు మడమ పట్టుకుని. "రెండు నెలల సంది నొప్పి. ఎవ్వరికి చెప్పలే. ఘటం ముందు నాలుగు కిలోమీటర్లు గిట్ల దుంకితె నేను నడుమలనే పడ్త. మల్ల పోయినసారి లెక్కనే అయితది మీకు." మైసయ్య వైపు తిరిగాడు. "ఎవలు నేర్పిన్రు కాకా?"

మైసయ్య కటకటాల బయటికి చెయ్యి చూపించాడు. అందరూ తిరిగి చూశారు. రాహేలుకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

"కాక ముందట పోతడు, నేను ఎనుక ఉంట," అన్నాడు అనురాగ్. "సప్పుడే కావాల్నంటె నేను చేస్త తియ్యన్నా, జర జర."

"మరి ఫ్లెక్సీ?" అన్నాడు జగదీశ్వర్.

"ఫ్లెక్సీల నేనుంట. రోడ్డు మీద కాక ఉంటడు."

అందరూ నవ్వారు. జగదీశ్వర్‌కు కూడా నవ్వక తప్పింది కాదు. పూజారి ఎల్లేష్ ఎవరినీ అడగకుండా పసుపుదారం తెచ్చి మైసయ్య మణికట్టుకు కంకణం కట్టాడు. నాలుగు రోజులుగా ఫ్లెక్సీ కింద నుంచి వెళ్లిన ప్రతిసారీ తిట్టుకున్న ఆ పిలగాడి మొహం వంక రాహేలు ఇప్పుడు తేరిపార చూసింది. ఎవరి కన్నబిడ్డో గానీ చల్లగా ఉండాలని నిండుమనసుతో అనుకుంది. వెళ్లేముందు కటకటాల్లోంచి పిలిచి, సోమవారం లోపల మడమ చూపించుకోమని ఆండాలు మేడం గది నంబరు చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం కొట్టంలో చివరిసారి పట్టీ చుట్టింది. నూట ఇరవై కాగానే విప్పింది. తరువాత బాలమ్మ భర్త ఒళ్లంతా పసుపు రాసింది. ఎర్ర ధోవతి, నడుముకు వేపమండలు, నుదుట పెద్ద బొట్టు, కాళ్లకు తండ్రి నాటి గజ్జెలు. కళ్లముందే పాలమైసయ్య పోయి పోతరాజు నిలబడ్డాడు. రాహేలు ఎప్పుడూ ఈ అలంకారం దగ్గరగా చూడలేదు. పట్టీ కడిగి ఆరేయాలని చెప్పి ఇంటికి వచ్చేసింది.

ఆమె ఇల్లు ప్రార్థన మందిరం గోడకు ఆనుకుని ఉంటుంది. ఆ కాస్త దారిలో ఊరేగింపు ఎప్పుడూ డప్పులు ఆపి నడుస్తుంది. క్రిస్మస్ పాటలవాళ్లు గుడి ముందు గిటారు ఆపినట్టే ఇదీ. ఎవరు ఎప్పుడు పెట్టిన కట్టుబాటో ఎవరికీ తెలియదు. అందుచేత పోతరాజు గల్లీ అంతా ఎగిరి, ఆమె గుమ్మం ముందు మాత్రం మామూలు మనిషిలా నడిచిపోతాడు. ఇన్నేళ్లుగా రాహేలుకు ఘటం అంటే దూరం నుంచి వచ్చే డప్పులు, దగ్గరకు రాగానే కాళ్ల చప్పుడు, మళ్లీ దూరంగా డప్పులు. ఈసారి మాత్రం తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. పక్కనే బేబీ. పొద్దున కురిసిన వాన గుమ్మం మీది టార్పాలిన్ అంచు నుంచి కింద పెట్టిన బకెట్లోకి ఇంకా బొట్లుబొట్లుగా పడుతోంది.

డప్పులు దగ్గరయ్యాయి. మూలమలుపు దగ్గర మైసయ్య ఎగిరి దిగడం కనిపించింది, కొరడా తిరగడం కనిపించింది. అతని వెనుక అనురాగ్ ధన్ ధన్‌మని మాట నిలబెట్టుకుంటూ వస్తున్నాడు, మడమకు దవాఖానలో కట్టిన బట్టకట్టుతో. మందిరం గోడ మొదలయ్యేచోట డప్పులు ఆగాయి. జనం మెల్లగా నడిచారు. బాలమ్మ నడుస్తూ నడుస్తూ వరుసలోంచి తప్పుకుని వచ్చి రాహేలు పక్కన నిలబడింది.

గుమ్మం ఎదురుగా రాగానే మైసయ్య ఆగాడు.

వెనకవాళ్లూ ఆగారు. అతను కొరడా అనురాగ్‌కు అందించి, నేల మీదికి గొంతు కూర్చున్నాడు. రెండు మడమలూ నేలకు ఆనేలా, మోకాళ్లు పూర్తిగా మడిచి, ఏ ఆసరా పట్టుకోకుండా. ఆరేళ్లుగా అట్లా కూర్చోలేని మనిషి. తీరిగ్గా ఒక కాలి గజ్జె విప్పాడు, రెండో కాలిది విప్పాడు. వాటిని కూడా అనురాగ్ చేతుల్లో పెట్టాడు. గజ్జెలు మోగకుండా ఆ పిలగాడు రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. జగదీశ్వర్ ఏదో అనబోయి, చుట్టూ ఉన్న నిశ్శబ్దం చూసి మానుకున్నాడు.

మైసయ్య లేచాడు. బేబీని చూశాడు, రాహేలును చూశాడు. అంతెత్తున లేచాడు, పసుపు కాళ్లు రెండూ గాలిలో ముడుచుకుని. దిగి, నిలబడ్డాడు.

టార్పాలిన్ నుంచి నీటిబొట్టు ఒకటి బకెట్లో పడింది. ఆ చప్పుడు అందరికీ వినబడింది.

అతను చేతులు జోడించలేదు. గజ్జెలు చేతిలోకి తీసుకుని ముందుకు నడిచాడు. బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాహేలు వైపు వంగింది.

"వినవడ్డదా రాహేలు?"

"ఏం వినవడలే వదినె," అంది రాహేలు, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే. "ఏమంటె ఏం వినవడలే."